సాలవ్వ మూడో మాట

అనగా అనగా, మీ తాతకు తాత ఇంకా దోగాడే నాటి సంగతి. ఒక మెట్ట ఊరు. ఊరి పక్కన ఏటవాలు మిట్ట, మిట్ట కింద వంక, వంక ఒడ్డున పూరిపాకలో బడి. ఆ బడికి నీళ్లు మోసే ముసలామె పేరు సుంకమ్మ.

వంకలో నీళ్లు పారేది వాన కురిసిన పూటే. మిగతా రోజుల్లో ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు ముంతతో తోడి కడవ నింపేది సుంకమ్మ. పిల్లలు దోసిలి పడితే పోస్తూ ఒకే మాట చెప్పేది: "దప్పిక తీరినాక సాలు అనండ్రా. నేలపాలు సేయొద్దండి."

అనేవాళ్లా? ఊహూ! తాగింది కొంత, మొహాన చల్లుకున్నది కొంత, పలక కడిగింది కొంత. పైగా ఆమెకు సాలవ్వ అని పేరు పెట్టి నవ్వుకున్నారు. ఆమె కూడా నవ్వేది. మర్నాడు మళ్లీ అదే మాట చెప్పేది.

ఒక ఏడు వాన రాలేదు. పిల్లలు నీళ్లు చల్లుకోవడం మానేశారు. రెండో ఏడూ రాలేదు. పలకలు ఆకులతో తుడుచుకున్నారు. మూడో ఏడు దోసిలి నిండకముందే "అవ్వా, సాలు" అన్నారు. ఎండ కంటే గట్టి అయ్యవారు ఎవరున్నారు చెప్పండి!

అయినా చెలమ అడుగంటింది. అయ్యవారు మూట కట్టుకున్నాడు. "నీళ్లు లేని చోట బడి ఎట్లా నడిపేది సుంకమ్మా? ఈ వారం చూసి వెళ్లిపోతాను."

"నువ్వు పోతే ఇంకో అయ్యవారు మాకు యాడ దొరుకుతాడు సామీ? ఈ పిల్లోళ్లకు నాలుగు అచ్చరాలు వస్తాయనే గదా ఇన్నాళ్లూ మోసింది!" అంటూనే సుంకమ్మ కూలబడింది.

పిల్లలు కడవ వంచి ఆఖరి నీళ్లు ఆమె నోట్లో పోశారు. ఒక గుక్క తాగి "సాలు" అంది. ఇంకో గుక్క తాగి "సాలు" అంది. చేయి మిట్ట వైపు చాచి మూడోసారి "సాలు" అంది. అంతే, కన్నుమూసింది. బడంతా వెక్కి వెక్కి ఏడ్చింది.

మా వైపు చాలు అన్నా సాలే, నాగలి గీసే గీత అన్నా సాలే. సేద్యగాడి కూతురు ఎల్లక్క కళ్లు తుడుచుకుని, "అవ్వ మిట్ట మీద సాలు తీయమనింది" అంది.

"నీళ్లు సాలు అనిందే పిచ్చిదానా!" అని పెద్దలు కసిరారు.

"నీళ్లు సాలంటే మిట్ట యాల సూపిస్తాది?"

పిల్లలంతా కలిసి నాగలి ఈడ్చుకుపోయారు. పెద్దలైతే ఎద్దుల్ని కట్టి కింది నుంచి పైకి దున్నేవాళ్లు. పిల్లలకు అంత బలం ఎక్కడిది? అడ్డంగా లాగారు. ఒక సాలు, దాని కింద ఒక సాలు, దాని కింద ఇంకో సాలు.

అయ్యవారు మూట నెత్తికెత్తుకున్న రోజే వాన దంచింది. ఎప్పుడూ మిట్ట మీద నుంచి ఉరికి పరాయి ఊళ్లకు పోయే నీళ్లు ఆ సాళ్లలో ఆగాయి. ఆగి ఇంకాయి. అయ్యవారు మూట దించి, ఇంకొన్నాళ్లు చూద్దామన్నాడు. చెలమ నిండా ఊరింది. మరుసటి వేసవికీ ఎండలేదు. బడి నిలిచింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో బడిలో చేరే పిల్లలు ఓనమాలు దిద్దకముందే మిట్ట మీద అడ్డంగా ఒక సాలు తీస్తారు. పెద్దలు చేయి వేయకూడదు. అవ్వ చాలన్నదా, సాలు తీయమన్నదా అని పెద్దలు గట్టున కూర్చుని ఇంకా వాదించుకుంటూనే ఉంటారు. పిల్లలకు మాత్రం ఏ అనుమానమూ లేదు.

"మొదటి రెండూ అవ్వకు," అంటారు. "మూడోది మాకు."