దాసు ఎడమచెయ్యి

"బండిలో ఎవరూ లేరు, బండిలో ఎవరూ లేరు" అని టీకొట్టు వెంకటరత్నం పెట్టిన కేక ఆటోనగర్ మూడో రోడ్డు చివరిదాకా వినబడింది. కుడుతున్న సీటు కవరు చేత్తో పట్టుకునే బయటికి వచ్చాను. నిజమే, స్టీరింగు వెనక సీటు ఖాళీ. బండి మాత్రం ఒక్క గెంతు గెంతి, ముందు చక్రం చెక్క దిమ్మకి తగిలి ఆగిపోయింది. బండికీ గోడకీ మధ్య ఎస్తేరు నిలబడి ఉంది. ఆమె చేతిలోని కేరేజీ కింద పడింది.

ఇక్కడ కాస్త ఆగి పొద్దుటి సంగతి చెప్పాలి. ఆ బండి ఆగి ఉన్నది మౌలాలి గారి షెడ్డు ముందు. కార్ల కరెంటు పనిలో మా ఆటోనగర్‌కంతా ఆయనే గురువు. ప్రభుదాసు పదిహేనేళ్లుగా ఆయన శిష్యుడు, ఇప్పుడు సగం షెడ్డు తనే నడుపుతున్నాడు. ఎస్తేరు అతని భార్య, పక్కనే నా షాపులో సీటు కవర్లు కుడుతుంది. మధ్యాహ్నం అందరం ఆ షెడ్డులోనే కలిసి తింటాం.

ఈ మధ్య జనం దూరాన్నుంచి మీట నొక్కితే స్టార్టయ్యే పెట్టె బిగించమని వస్తున్నారు. గేర్లు చేత్తో మార్చే బండి గేరులో ఉండగా మీట నొక్కితే ముందుకి గెంతుతుంది, అందుకని దానికి గురువుగారు ఒక పద్ధతి లేకుండా బిగించరు. ఇంజను ఆడుతుండగానే న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, దిగి, తలుపులు వేసి, అప్పుడు రిమోటుతో ఆపాలి. గేరులో ఉంటే క్లచ్ వదలగానే బండి కదులుతుంది, ఇంజను ఆడుతుండగా ఎవడూ దిగలేడు కదా, అదీ కిటుకు. అలా ఆపితేనే మళ్లీ రిమోటుతో స్టార్టవుతుంది. తర్వాత ఏ తలుపు తీసినా అవదు. అందుకని తలుపు తలుపుకీ ఒక వైరు, బ్రేకుకి ఒక వైరు.

"న్యూట్రల్‌లోనే పెడతానని కస్టమరు ఒట్టేసి చెబుతున్నాడు గదా గురువుగారూ," అన్నాడు దాసు పొద్దున. "ఇంత తతంగం ఎందుకు? మనిషి మీద మనకి నమ్మకం లేదా?"

గురువుగారు వైరు తొక్క ఒలుస్తూనే ఉన్నారు. ఆయనకో అలవాటుంది, షెడ్డు ముందు ఏ బండి ఆగినా చక్రానికి చెక్క దిమ్మ అడ్డు పెడతారు. "కొత్త బండికి కూడా మొలతాడు కడతాడీయన" అని వెంకటరత్నం వేళాకోళం.

జవాబు రాలేదు కదాని దాసు తన సొంత బండికి ఆ వైర్లేవీ లేకుండా పెట్టె బిగించేశాడు. మధ్యాహ్నం టీకొట్టు దగ్గర నిలబడి "చూడండి" అని మీట నొక్కాడు. సరిగ్గా అప్పుడే ఎస్తేరు కేరేజీ పట్టుకుని గోడవారగా వస్తోంది.

బండి ఆగిందనుకుని అందరం ఊపిరి వదిలాం. ఎస్తేరు కేరేజీ కోసం వంగబోయింది.

"వంగకమ్మా" అన్నారు గురువుగారు. అరవలేదు. ఆ పెట్టె ఒకసారి ఇంజను అందుకోకపోతే తనంతట తనే మళ్లీ ప్రయత్నిస్తుందట, మొత్తం మూడుసార్లు. దాన్ని ఆపుదామని దాసు మీట మీద మీట నొక్కుతున్నాడు, చెమటకి వేళ్లు జారుతున్నాయి. బండి లోపల ఎక్కడో టిక్కుమంది. గురువుగారు ఆమె భుజం పట్టి ఇవతలికి గుంజారు. బండి దిమ్మనెక్కి గోడకి గుద్దుకుంది. కేరేజీ అప్పడమైంది.

"ఇంకొకటి ఉంది" అన్నారాయన.

ఎవరం కదల్లేదు. ఆయన పక్కనుంచి వెళ్లి, కిటికీలోంచి చెయ్యి పెట్టి గేరు రాడ్డు న్యూట్రల్‌లోకి లాగారు. మళ్లీ టిక్కుమంది. ఈసారి ఇంజను మెత్తగా అందుకుని, ఏమీ ఎరగనట్టు ఆడుతూ నిలబడింది.

"ఎస్తేరు మీద ఒట్టు, ఇక న్యూట్రల్‌లో పెట్టడం జన్మలో మరిచిపోను" అన్నాడు దాసు.

"నా మీదెందుకు, నీ మీద వేసుకో" అంది ఎస్తేరు.

గురువుగారు, "బండి వెనక్కి తీసి ఆ పక్కన పెట్టు. చేతులు కడుక్కుని రా, తిందాం" అన్నారు.

దాసు తీశాడు, పెట్టాడు, తాళంతో ఆపాడు, వచ్చాడు.

"న్యూట్రల్‌లో పెట్టావా?"

"పెట్టాను గురువుగారూ."

"చూసి రా."

దాసు వెళ్లి కిటికీలోంచి చూశాడు. చూసినవాడు చూసినట్టే ఉండిపోయాడు. నేనూ వెళ్లి తొంగి చూశాను. ఫస్టు గేరు. రిమోటేమో అతని చొక్కా జేబులోనే ఉంది. ఎక్కడ తగులుతుందోనని రెండు చేతులూ ఒంటికి దూరంగా పెట్టుకుని నిలబడ్డాడు. ఎస్తేరు వచ్చి రెండు వేళ్లతో దాన్ని తీసి గురువుగారికిచ్చింది. దాసు బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు విప్పేదాకా మాలో ఒక్కరూ ఆ బండి ముందునుంచి నడవలేదు.

గురువుగారి డబ్బా, నా డబ్బా మధ్యలో పెట్టాం. వెంకటరత్నం కొట్టు కట్టేసి ఉడకబెట్టిన గుడ్లు తెచ్చాడు. అందరం చాప మీద కూర్చున్నాం. దాసు మాత్రం అన్నం ముట్టకుండా గేరు వేసే తన ఎడమచెయ్యి వంకే చూసుకుంటున్నాడు.

"మొదటిరోజు నీకేం చెప్పానో గుర్తుందా?" అన్నారు గురువుగారు.

"హ్యాండ్‌బ్రేకుని నమ్మొద్దు, గేరులో వెయ్యకుండా బండి దిగొద్దన్నారు."

"పదిహేనేళ్లయినా ఆ చెయ్యి మరిచిపోలేదు" అని ఆయన పప్పు గిన్నె దాసు వైపు జరిపారు. "నీ కస్టమరు కూడా ఎవరి దగ్గరో బాగానే నేర్చుకుని ఉంటాడు. తిను."