నక్కమామ పిల్లనెత్తుకున్న పూట

అడవి అంచున ఒక గొడ్ల సావిడి ఉండేది. అక్కడ మాట్లాడని జంతువు లేదు, ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినే జంతువూ లేదు. ఆ వారం మాత్రం అందరి నోటా ఒకటే మాట: మూడు గుట్టల అవతల పెద్ద తిరునాళ్ళు.

అవి అలాంటిలాంటి తిరునాళ్ళు కావు. ఏనుగులు తొండాలతో ఊపే ఉయ్యాలలున్నాయట. కోతులు తీగలతో తిప్పే రంగులరాట్నం ఉందట. ఎలుగుబంట్లు తరతరాలుగా జారి జారి నున్నగా అరగదీసిన జారుడుబండ ఉందట. మనిషి వేషం కట్టిన కొండముచ్చు గేటు దగ్గర నిలబడి, వచ్చిన పిల్లలందరికీ షేక్‌హ్యాండ్ ఇస్తుందట. నడిస్తే ఒకటిన్నర రోజు. అక్కడికి చేరాక వరుసలో నిలబడటానికి ఇంకో రోజు.

మేక చెంగావి ప్రాణమంతా ఆ తిరునాళ్ళ మీదే ఉంది. కొడుకు బుడంకాయకు అప్పుడే మూడో నెల. వాడికి వచ్చినవి నాలుగే మాటలు: అమ్మ, పాలు, వద్దు, మళ్ళీ. వాణ్ణి తీసుకెళ్ళాలా వద్దా అన్న బెంగతో నాలుగు రోజులుగా చెంగావికి మేత సయించడం లేదు.

“మా వాడు మీ వాడికంటే ఆరు రోజులు చిన్న,” అంది పక్క కొట్టంలోని గొర్రె ఉన్నమ్మ. “అయినా తీసుకెళ్తున్నాం. పిల్లలకు లోకం చూపించాలి కదమ్మా!”

“మీ వాడు నీ వెనకే నడుస్తాడు వదినా. నా వాడు ముందు నడుస్తాడు, పక్కకు నడుస్తాడు, గోడ మీద నడుస్తాడు. నా వెనక మాత్రం నడవడు.”

“అలా అనుకుంటూ కూర్చో. వాడికి ఈ దొడ్లోనే గడ్డం వస్తుంది.”

ఆ మాట చెంగావికి ముల్లులా గుచ్చుకుంది. సరిగ్గా అప్పుడే కంచె మీద నుంచి నక్క తల పెట్టింది. సావిడి మనుషులంతా పొలానికి పోయారు, దానికి అదే కావాలి.

“దిగులెందుకు చెల్లెమ్మా, నేను లేనా?” అంది. “పాలు మరవని పిల్లలకు అక్కడ ప్రవేశం ఉచితం. వచ్చే ఏడైతే మోపెడు పచ్చగడ్డి ఇచ్చుకోవాలి. ఇదే అదను.”

“దూరం కదన్నా?”

“మేనమామను నేనుండగా అల్లుడికి దూరమేమిటి? నువ్వు గొర్రెలతో ముందు వెళ్ళి వరుసలో చోటు పట్టు. నేను వీణ్ణి వీపున వేసుకుని, ఎండ తగలకుండా అడవిదారిన తెస్తాను.”

నక్క ఆలోచన మీకూ నాకూ తెలిసిపోయింది. అడవిదారిలో మొదటి మలుపు దాకానే ఆ మేనమామ వరస. చెంగావికి మాత్రం తెలియలేదు. తెలివితక్కువదని కాదు, తిరునాళ్ళ మీద మనసుపడ్డాక మధ్యలో ఉన్న దారి ఎవరికి కనపడుతుంది?

సావిడి చివర గేదె నీలాలు నెమరు వేస్తోంది. తొమ్మిది ఈతలు ఈనిన పెద్ద గేదె. మాటనైనా మేతనైనా రెండుసార్లు నమలందే వదలదు.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకో,” అంది మెల్లగా.

నక్క తోక ఊపడం ఆపింది. “ఏమన్నావత్తా?”

“మంచిమాట అన్నావంటున్నానయ్యా. పరాయి పిల్లను మూడు గుట్టలు మోస్తానంటే కాదనేదెవరు? కాకపోతే పెళ్ళికి ముందు పెళ్ళిచూపులుంటాయిగా. ఇవాళ ఒక్కపూట ఇక్కడే తిరునాళ్ళు పెట్టుకుందాం. పొద్దుగూకేదాకా పిల్లాడు నీ దగ్గరుంటాడు. గడ్డివామే జారుడుబండ, నీళ్ళతొట్టి దగ్గరే వరుస. మీ ఇద్దరికీ కుదిరితే రేపే బయలుదేరండి. మేమంతా ఇక్కడే ఉంటాం. కుక్క వీరడు గేటు దగ్గర ఉంటాడు.”

“వాడెందుకు?”

“టికెట్లు చూడొద్దూ?”

కాదంటే అనుమానం. ఔనంటే ఒక్కపూట చాకిరీ. నక్క వంగి వంగి దండం పెట్టి ఒప్పుకుంది. నక్క వినయాలకేం తక్కువ!

మొదట్లో బాగానే సాగింది. బుడంకాయ నక్క వీపెక్కి, అక్కడి నుంచి గడ్డివాము మీదికి దూకి, జర్రున జారి కిందపడ్డాడు. లేచి ఒళ్ళు దులుపుకున్నాడు.

“మళ్ళీ!”

“భలే అల్లుడూ!” అంది నక్క.

“మళ్ళీ!”

“ఇదిగో, ఎక్కు.”

“మళ్ళీ!”

ఇరవయ్యోసారికి నక్క నడుము పట్టేసింది. “బండి ఎక్కుదామా అల్లుడూ?”

“వద్దు.”

“పోనీ, కోడిపిల్లల్ని చూద్దామా?” ఈ మాట అడుగుతుంటే నక్కకు కాస్త నోరూరింది కూడా.

“వద్దు. మళ్ళీ!”

మిట్టమధ్యాహ్నమైంది. రోజూ వాడు కునుకు తీసే వేళ. “ఇక వరుసలో నిలబడండి,” అంది నీలాలు. “తిరునాళ్ళలో పడుకోనిచ్చేదెవరు?”

తొట్టి ముందు ఆవులూ దూడలూ బాతులూ బారుగా నిలబడ్డాయి. అన్నిటికంటే వెనక నక్క, నక్క వీపున బుడంకాయ. వాడు నక్క చెవి నమిలాడు. ముందున్న బాతు తోక పీకాడు. దించమని గింజుకున్నాడు, దించితే ఎక్కించమని ఏడ్చాడు. పాలన్నాడు, తల్లి దగ్గరకొస్తే వద్దన్నాడు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. నిద్ర ముంచుకొచ్చిన చంటిపిల్లాడు అసలు దేన్నీ ఎరగడు.

అంతలో గాడిద దండెం మీది పంచె కప్పుకుని, తలపాగా చుట్టుకుని, మనిషి వేషంలో వచ్చింది. నవ్వుతూ షేక్‌హ్యాండ్‌కి కాలు చాపింది. పాపం, గాడిద ఉద్దేశం మంచిదే. బుడంకాయ మాత్రం సావిడి కప్పు లేచిపోయేలా కెవ్వుమన్నాడు. వెచ్చగా ఏదో తన పక్కటెముకల మీదుగా కారుతోందని నక్కకు తెలిసింది.

“అయ్యో నా తండ్రీ!” చెంగావి పరుగు తీయబోయింది.

నీలాలు కొమ్ము అడ్డం పెట్టింది. “ఆగు. వాడు గుట్టల అవతలుంటే ఎక్కడి నుంచి పరిగెత్తుకొస్తావు? ఇంకాసేపు చూడు.”

చెంగావి గుండె చిక్కబట్టుకుని నిలబడింది.

నక్క పాట పాడింది. గెంతింది. చివరికి తోక ఆడించి చూపింది. బుడంకాయ ఏడుపు ఆపకుండానే ఆ తోకను నోట కరిచి వేలాడాడు.

“చాలు!” నక్క వాణ్ణి విదిలించి అరిచింది. “ఏముంది వీడి ఒంట్లో? రెండు ముద్దల మాంసం! ఆ రెండు ముద్దల కోసం ఇంత చాకిరీనా? అడవి మలుపు దాకా కూడా వీణ్ణి నేను మొయ్యలేను. ఈ తిండి నాకొద్దు!”

నక్క గబుక్కున నోరు మూసుకుంది గానీ, ఆ మాట అప్పటికే గేటు దాకా వెళ్ళిపోయింది. గేటు దగ్గర వీరడు లేచి ఒళ్ళు విరుచుకున్నాడు.

“టికెట్ ఉందా బావా?”

నక్క కంచె దూకింది. దాని తోకలో సగం వెంట్రుకలు మాత్రం వీరడి పళ్ళలో ఉండిపోయాయి. ఆ తర్వాత పిల్లలున్న ఏ దొడ్డి దరిదాపుల్లోనూ అది కనపడలేదు. ఎవరైనా అడిగితే ఒంట్లో బాగుండటం లేదని చెప్పేదట.

బుడంకాయ తల్లి పొట్టకింద దూరాడు. రెండు గుక్కలు తాగి, మూడో గుక్క నోట్లో ఉండగానే నిద్రపోయాడు. చెంగావి వాడి ఒళ్ళు నాకుతూ గేదె వైపు తిరిగింది.

“నీకు ముందే తెలుసా అత్తా?”

“అనుమానమే. చెబితే నువ్వు నమ్మేదానివా? అందుకే నక్కను నీ కొడుక్కి అప్పజెప్పాను. నిద్రలేని పిల్లాడితో ఒకపూట గడిపితే ఎవరి బుద్ధయినా బయటపడుతుందమ్మా. తొమ్మిదిమందిని పెంచాను, నా బుద్ధే ఎన్నిసార్లో బయటపడింది.”

చెంగావి తలవంచుకుంది. “తిరునాళ్ళు చూడాలని ఉన్నది నాకు అత్తా. వాడి పేరు చెప్పాను, అంతే.”

“ఆశపడితే తప్పేముంది? వాడు పాలు మరిచాక నువ్వొకసారి వెళ్ళి తనివితీరా చూసిరా. వాణ్ణి నేను చూసుకుంటాను. మీ ఇద్దరూ కలిసి వెళ్ళే రోజు కూడా వస్తుంది.”

“వచ్చిందని నాకెలా తెలుస్తుంది?”

“కునుకు తప్పినా వాడు కొంప మీదికి తేకుండా ఉంటాడు చూడు, అప్పుడు. భయమేస్తే కెవ్వుమనకుండా, ‘అమ్మా, భయమేస్తోంది’ అని చెబుతాడు చూడు, అప్పుడు. ఎంతమ్మా, ఒక్క ఏడాది. తిరునాళ్ళెక్కడికీ పోవు. వీడే, ఇంత చిన్నగా ఇంకో ఏడాది ఉండడు.”

మర్నాడు పొద్దున్నే గొర్రెలు బయలుదేరాయి. చెంగావి వీధి చివరిదాకా వెళ్ళి సాగనంపింది. “జాగ్రత్త వదినా, వచ్చినాక అన్నీ చెప్పాలి,” అంది. అన్నాక, మనసులో కుళ్ళు లేనందుకు తనకే ఆశ్చర్యమేసింది.

తర్వాత కొడుకును కాలవగట్టుకు తీసుకెళ్ళింది. అక్కడ వాడు పుట్టి బుద్ధెరిగి మొదటిసారి ఒక కప్పను చూశాడు. కప్ప వాణ్ణి చూసింది. ఇద్దరూ కదల్లేదు. ఎండ ఎక్కేదాకా వాడు కప్పను చూస్తూ ఉండిపోతే, చెంగావి వాణ్ణి చూస్తూ కూర్చుంది. ఇద్దరూ కునుకు వేళకు ఇల్లు చేరారు.

పిల్లకు లోకం చూపించాలనుకునేవాళ్ళు ముందు పిల్లను చూడాలి.