నీటిజాడ నేర్వని కోడె

ఎండిన వాగుకు ఇవతల, చింతకొండ కింద, జంతువుల విద్యాపీఠం ఉండేది. మూడేళ్ల చదువు, తొంభై క్రెడిట్లు. పూర్తి చేస్తే పట్టా. పట్టా ఉంటే దారిపెద్ద ఉద్యోగం.

వేసవి ముదరగానే ఆ చుట్టుపక్కల మందలన్నీ రాళ్లమిట్ట దాటి ఆవలి పెద్దేటికి పోవాలి. ఆరు రోజుల నడక. పట్టా ఉన్న దారిపెద్ద ముందు నడవకపోతే ఏ మందనూ మిట్ట ఎక్కనివ్వరు. ఒకప్పుడు ఎవరు పడితే వాళ్లు ముందు నడిచి, సగం మందల్ని ఎండలో పోగొట్టాక పెట్టుకున్న కట్టుబాటు అది.

కోడె సింగన్న మందకు నాలుగేళ్లుగా దారిపెద్ద లేదు. సింగన్న తండ్రితోనే ఆ పదవి పోయింది. అప్పటి నుంచి మందంతా అడవిదున్నల్ని బతిమాలుకుని వాటి వెనక నడుస్తోంది. దున్నలు తాగి వదిలిన బురదే వీటికి నీళ్లు. కిందటి వేసవిలో ఆ బురద తాగి రెండు లేగలు చచ్చిపోయాయి. ఇక లాభం లేదని సింగన్నను చదువుకు పంపారు.

"ఎవరితోనూ గొడవ పెట్టుకోకు నాయనా. పట్టా పట్టుకుని రా, చాలు," అంది తల్లి.

సింగన్నకు గొడవలంటే ముందే భయం.

రిజిస్ట్రేషన్ రోజున కిటికీ వెనక ముళ్లపంది సూరమ్మ కూర్చుంది. ఎవరైనా రెండో ప్రశ్న అడిగితే చాలు, దాని వీపు మీద ముళ్లు గలగలా లేచేవి. క్యూ పొడుగ్గా ఉంది. అందరికంటే ముందు మేక పోలి నిలబడి, ఒకటి తర్వాత ఒకటి ఏవేవో అడుగుతూనే ఉంది. అందరికంటే చివర సింగన్న.

"ఏం తమ్ముడూ, కొత్తా?" అంటూ నక్క గవరయ్య పక్కన చేరింది. అది విద్యాపీఠంలో చేరి అయిదేళ్లు దాటింది.

"అవునన్నా. ఈ కోర్సుల పట్టీ చూస్తే తల తిరుగుతోంది."

"దానికెందుకు బెంగ? నేను లేనూ! ఏదీ, ఏం రాసుకున్నావో చూపించు. గడ్డిజాతులు, బాగుంది. మందల చరిత్ర, అదీ మంచిదే. ఇదేంటి, నీటిజాడా?" నక్క గొంతు తగ్గించింది. "ఇది ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. మాది దారిపెద్ద లేని మంద కదా, నీళ్లు వెతకడం రావాలని..."

"రావాలి, కాదన్నానా? కానీ అది ఆఖరి సెమిస్టర్‌లో తీసుకోవాల్సింది తమ్ముడూ. తాబేలు పంతులు మహా కఠినం. క్లాసులో కళ్లు మూస్తే పేరు కొట్టేస్తాడు. నువ్వు నెమరు వేసేటప్పుడు కళ్లు మూయవూ?"

సింగన్న సిగ్గుపడింది. "మూస్తాను."

"చూశావా! మొదటి ఏడే తప్పితే పట్టా మీద నల్లగీత పడుతుంది. ముందు తేలికవి తీసుకుని క్రెడిట్లు నింపుకో. తొంభై నిండాయా, పట్టా నీదే."

సింగన్న నీటిజాడ కొట్టేసి, దాని బదులు అరుపులు-అర్థాలు రాసింది.

అసలు సంగతి వేరు. తాబేలు పంతులు మూడు విద్యాపీఠాలకు వంతులవారీగా పాఠం చెబుతాడు. ఇక్కడ నీటిజాడ మూడేళ్లకోసారి మాత్రమే ఉంటుంది. ఉన్నవి పన్నెండు సీట్లు. ముందు కొత్తవాళ్లకు ఇస్తారు, మిగిలితే తప్పినవాళ్లకు. గవరయ్య కిందటిసారి తప్పింది. ఈసారి సీటు మిగలకపోతే మరో మూడేళ్లు ఆగాలి. అందుకే ఆ రోజంతా క్యూ పొడవునా తిరుగుతూ, అమాయకంగా కనబడ్డ ప్రతి కొత్త మొహానికీ ఇదే సలహా చెప్పింది.

కోర్సు మార్చుకోవడానికి రెండు వారాల గడువుంది. పదకొండో రోజున పోలి ఎదురైంది.

"నీటిజాడ క్లాసులో కనబడవేం సింగన్నా?"

"ఆఖర్లో తీసుకుంటాను."

"ఆఖర్లో ఎక్కడుంటుంది? మూడేళ్లకోసారే అని సూరమ్మ చెప్పింది. అది లేకపోతే ఎన్ని క్రెడిట్లున్నా పట్టా రాదట. ఇప్పుడే వెళ్లి మార్చుకో."

సింగన్న కిటికీ దగ్గరికి కాదు, తిన్నగా గవరయ్య దగ్గరికి వెళ్లింది.

నక్క నవ్వింది. "పోలికి ఆ క్లాసులో తోడు లేక విసుగ్గా ఉంది, అందుకని నిన్ను లాగుతోంది. అయిదేళ్లుగా ఇక్కడున్న నాకు తెలుసా, నిన్నగాక మొన్న వచ్చిన మేకకు తెలుసా? అంత అనుమానంగా ఉంటే సూరమ్మనే అడుగు, నాకేం?"

గడువు చివరి మధ్యాహ్నం సింగన్న నిజంగానే కిటికీ దాకా వెళ్లింది. ముందు ముగ్గురున్నారు. ఒక కుందేలు రెండోసారి ఏదో అడిగింది, సూరమ్మ ముళ్లు లేచాయి, కుందేలు వెనక్కి గెంతింది. సింగన్న కాసేపు నిలబడింది. తర్వాత మెల్లిగా వెనక్కి తిరిగింది. గవరయ్యన్న అబద్ధం ఎందుకు చెబుతాడులే అని తనకు తనే చెప్పుకుంది.

ఏళ్లు గడిచాయి. సింగన్న ఒక్క క్లాసూ మానలేదు. గడ్డిజాతుల్లో దానిదే మొదటి స్థానం. గవరయ్య మిగిలిన సీటు సంపాదించి, పక్కవాళ్లవి చూసి రాసి, పట్టా పుచ్చుకుని వెళ్లిపోయింది.

ఆఖరి సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కు సింగన్న కిటికీ ముందు నిలబడింది.

"నీటిజాడ రాసుకోండమ్మా."

సూరమ్మ తలెత్తింది. "అది ఈ ఏడు లేదు. వచ్చే ఏడు."

"నాకు క్రెడిట్లన్నీ... తొంభై ఆరు అవుతాయమ్మా."

"నూట తొంభై ఆరైనా అంతే. తప్పనిసరి కోర్సు." సింగన్న మొహం చూసి సూరమ్మ కాస్త మెత్తబడింది. "మొదటి ఏడు ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదయ్యా. అర్జీ పెట్టుకో. ఏనుగు పెద్దాచార్యులు చూస్తారు."

అర్జీ పెట్టింది. చూద్దాం అన్నారు. నెలలు గడిచాయి. ఇంటి నుంచి కాకితో కబురొచ్చింది: ఈ ఏడు మీ వెనక రాబోమని అడవిదున్నలకు చెప్పేశాం, మాకు మా సింగన్న ఉన్నాడన్నాం. ఆ కబురు విన్నాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. అర్జీ నెగ్గుతుందిలే అనుకుంది. సరే, వస్తున్నానని కాకికి చెప్పి పంపింది.

వేసవి మొదట్లో ఏనుగు పిలిపించింది.

"నీ మందలో ఎన్ని ప్రాణాలు?"

"నలభై ఒకటి స్వామీ."

"నీళ్లెక్కడున్నాయో తెలీనివాడి వెనక నలభై ఒక్క ప్రాణాల్ని మిట్ట ఎక్కించమంటావా? నేను సంతకం పెడితే నీకు పట్టా వస్తుంది. చదువు వస్తుందా?"

సింగన్న అర్జీ వెనక్కి తీసుకుని బయటికి వచ్చింది.

ఇంటికి వెళ్లి అంతా చెప్పింది. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అప్పటికే దున్నలు వెళ్లిపోయాయి, గడ్డి అయిపోయింది. పట్టా ఉండి ఖాళీగా ఉన్న దారిపెద్ద ఆ చుట్టుపక్కల ఒక్కటే, గవరయ్య.

"వద్దమ్మా," అంది సింగన్న. "నన్ను ముంచింది వాడే."

"పట్టా ఉందిగా నాయనా," అంది తల్లి. "నీకు లేదుగా."

గవరయ్య సంతోషంగా ఒప్పుకుంది. "మనవాళ్లు కదా, రానంటానా తమ్ముడూ!" అంది. మొదటి రెండు రోజులు హుషారుగా ముందు నడిచింది. మూడో రోజు మాటలు తగ్గించింది. మధ్యాహ్నం ఒక రాయెక్కి నాలుగు దిక్కులూ చూసి, "మీరిక్కడే ఉండండి, ముందుకెళ్లి నీళ్లు చూసొస్తా," అంది.

మళ్లీ రాలేదు.

సాయంత్రానికి రెండు లేగలు కూలబడ్డాయి. మర్నాడు పొద్దున ఇసుకవాగు ఒకటి అడ్డం వచ్చింది. దాని వంపులో ఒడ్డు నీడ చూసుకుని తల్లి పడుకుంది. నాలుక బయటికి వచ్చేసింది.

"ఇక్కడెక్కడైనా నీళ్లుంటాయా నాయనా?"

"తెలీదమ్మా."

"చదువుకున్నావు కదా," అంది తల్లి. దెప్పుతూ అనలేదు, ఆశగా అడిగింది. సింగన్న దాని మొహం మీద ఎండ పడకుండా అడ్డంగా నిలబడింది. తల్లికి ఇక నీడతో పని లేకుండా పోయేదాకా అలాగే నిలబడి, తర్వాత మిగిలినవాళ్లను లేపి నడిపించింది.

అయిదో రోజు వాళ్లకు మేకల మంద కనబడింది. ముందు పోలి నడుస్తోంది. ఈ మందను చూడగానే పరిగెత్తుకొచ్చింది, ఏమీ అడగలేదు. పక్కనే ఉన్న ఇసుకవాగు వంపులోకి దిగి, ఒడ్డు కింద తుంగ మొదళ్లు వాసన చూసి, గిట్టలతో తవ్వడం మొదలెట్టింది. మోకాలి లోతుకు ఇసుక తడి అయింది. నడుం లోతుకు నీళ్లు ఊరాయి. నలభై ఒకటిలో మిగిలిన ఇరవై ఎనిమిది ప్రాణాలు వంతులవారీగా తాగాయి.

సింగన్న మాత్రం ఇంకా తన వంతుకు దిగలేదు. వాగు వంపునూ, ఒడ్డునూ, తుంగనూ మార్చి మార్చి చూస్తోంది.

"నిన్న అమ్మ పడుకున్న చోట కూడా ఇలాగే ఉంది," అంది చివరికి. "వంపు ఉంది. తుంగ ఉంది."

పోలి తల దించుకుంది.

"ఇది పంతులు ఎప్పుడు చెప్పాడు? చివర్లోనా?"

"మొదటి వారంలో," అంది పోలి.

నీతి: కసిరినా నిజం చెప్పే కిటికీని వదిలి, నవ్వుతూ నచ్చిన మాట చెప్పేవాడిని నమ్మితే, ఆ తప్పుకు శిక్ష మన ఒక్కరితో ఆగదు.