సన్నని చెయ్యి

ఆ క్లిప్పు పెట్టడం మర్చిపోయింది నేనే. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ పైకి అనలేదు.

కొత్త మోడల్ అమ్మకానికి రాకముందు, లోపాలు బయటపడాలని మా ఫ్యాక్టరీలో కొన్ని ట్రయల్ కార్లు కడతాం. మూడో కారుకి హారన్ మోగలేదు. చూస్తే డాష్‌బోర్డు వెనక వైరు క్లిప్పు వేలాడుతోంది.

"ఇది పెట్టాల్సింది ఎవరు? ఇవాళే ఇంటికి పంపిస్తా," అన్నాడు ప్లాంట్ హెడ్.

నా పక్కన పనిచేసే ఓబులేసన్న ముందుకొచ్చాడు. "పంపేముందు ఒకసారి మీరే పెట్టి చూపించండి సార్. మేమూ నేర్చుకుంటాం."

సార్ చొక్కా మడిచి చెయ్యి దూర్చాడు. మణికట్టు దగ్గరే ఇరుక్కుంది. లైనంతా చూస్తోంది.

"మీ చెయ్యే పట్టలేదంటే తప్పు మనిషిదా సార్, కారుదా? ఇలాంటివి దొరకాలనే కదా ట్రయల్ కారు కట్టేది."

లోపం డిజైన్ మీద రాశారు. నా ఉద్యోగం నిలిచింది. నెల తిరక్కుండా అన్న కాంట్రాక్టు ఆపేశారు.

వెళ్తూ, "నీ చెయ్యి సన్నం పాపా. ఈసారి మర్చిపోకు," అన్నాడు.

అవును, నా చెయ్యి అందులో సులువుగా దూరుతుంది. ఆయనకి ఆ రోజే తెలుసు.

రెండేళ్లుగా అన్న నంబరు నా ఫోన్లోనే ఉంది. ఇప్పుడే ఫోన్ చేసి ఆ మాట చెప్తాను.