జంబన్న మోకాళ్ల వాపు

నల్లమల కొండల్లో గుండ్లకోన అనే అడవి ఉండేది. అందులో దుప్పులు, కుందేళ్లు, ముళ్లపందులతో పాటు ఒకే ఒక్క ఎలుగుబంటి ఉండేది. దాని పేరు జంబన్న. తేనెపట్టు ఎంత ఎత్తున ఉన్నా ఎక్కి దించగలనని దానికి మహా గర్వం.

అడవి అంచున రోడ్డు పక్కన కొత్తగా ఒక బజ్జీల బండి వెలిసింది. బండివాడు సాయంత్రం ఇంటికి పోతూ మిగిలిన బజ్జీలు, మూకుడులో మాడిన నల్లనూనె వెనక గుంటలో పారబోసేవాడు. ఒకరోజు జంబన్న ఆ గుంట నాకి చూసింది. ఇంకేముంది! చెదపుట్టలు తవ్వడం మానేసింది, సారపప్పు ఏరుకోవడం మానేసింది. రోజూ గుంట దగ్గరే మకాం.

రెండు నెలలు తిరిగేసరికి మోకాళ్లు వాచాయి.

"ఇది తేనెటీగల పనే," అనుకుంది జంబన్న. పాపం, పుట్టి బుద్ధెరిగాక దానికి తెలిసిన వాపు అదొక్కటే మరి! మోకాళ్లకు బురద పూసుకుంది. తేనెచెట్ల వైపు కన్నెత్తి చూడలేదు. ఆకలేస్తే ఇంకో నాలుగు బజ్జీలు మింగింది. వాపు ఇంకా పెరిగింది.

ఎండలు ముదిరాయి. జంతువులన్నీ తాగే పై మడుగులో నీళ్లు మహా అయితే ఇంకో నెల వస్తాయి. ఆ తర్వాత అందరూ లోయ అడుగున ఉన్న ఊట దగ్గరికి దిగాల్సిందే. అదంతా నిలువు రాళ్ల దారి. జంబన్నకేమో నాలుగడుగులు వేస్తే ఏడుపొస్తోంది. దిగలేకపోతే దాహంతో ఇక్కడే చచ్చిపోతానేమోనని బెంగ పట్టుకుంది.

మడుగు దగ్గర ముసలి ముళ్లపంది సూదమ్మ దాన్ని చూసింది.

"ఏం నాయనా, అలా కుంటుతున్నావు?"

"తేనెటీగలు కుట్టాయి పిన్నీ."

"ఎప్పుడు?"

జంబన్న బుర్ర గోక్కుంది. "వాటి మొహం చూసి రెండు నెలలైంది."

"మరి కుట్టిందెవర్రా? అయినా ఈగలు మూతి మీద కుడతాయి గానీ, మోకాళ్లు వెతుక్కుంటూ వస్తాయా? ఆ మూతికి జిడ్డేమిటి?"

"బజ్జీల నూనె. సారపప్పులోనూ నూనే ఉందిగా పిన్నీ! దానితో రాని జబ్బు దీనితో వస్తుందా?"

"సారపప్పులో నూనె ఒంటికి మేలు చేస్తుంది. ఇది మాడిన నూనెనే మళ్లీ మళ్లీ మాడ్చింది. రోజూ నాకితే ఒంట్లో మంట రేగుతుంది. లోపలి మంటకు పైన బురద పూస్తే ఏం లాభం, పిచ్చి నాయనా!"

జంబన్నకు ఉక్రోషం వచ్చింది. కానీ మోకాళ్లు సలుపుతుంటే ఏం వాదిస్తుంది? సరే, బజ్జీలు మానేస్తానంది. అయినా సాయంత్రమై బజ్జీల వాసన తగిలితే కాళ్లు అటే లాగేవి. సూదమ్మ దారికి అడ్డంగా ముళ్లు విప్పుకుని కూర్చునేది. జంబన్న ఏడుస్తూ వెనక్కి తిరిగి పుట్టలు తవ్వుకునేది, పండ్లు, సారపప్పు తినేది.

నెల గడిచింది. మడుగు బురదైంది. మిగతా జంతువులన్నీ ఎప్పుడో దిగిపోయాయి. జంబన్న వాపు చాలావరకు తగ్గింది. పిన్ని ముందు, తను వెనక. పదిసార్లు ఆగి, చివరికి లోయ అడుగుకు చేరి కడుపారా నీళ్లు తాగింది.

ఊట పక్కనే ఒక తేనెపట్టు కనబడింది. ఆగుతుందా? చెయ్యి పెట్టింది. ముక్కు మీద చురుక్కుమని ఒక్కటి! ముక్కు బూరెలా ఉబ్బింది.

"పిన్నీ, ఈగల వాపంటే ఇదీ! రేపటికల్లా పోతుంది!" అంటూ జంబన్న కన్నీళ్లతోనే పకపకా నవ్వింది.

నీతి: రోజూ తినే తిండే ఒంట్లో మంట పెడుతుంటే, పైపూతలు పనిచేయవు, ముందు ఆ తిండి మార్చుకోవాలి.