జమ్మికి పోయే దారిలో మంట

"పండుగ పూట తాగకుండ ఎట్లుండాలె, కాకా?"

దసరా మధ్యాహ్నం రాయమల్లు తన డప్పు గురువు ఓదెలును ఈ మాట అడిగాడు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు ఓదెలుకు లేదు. కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు కూడా ఆయన ముందు దెబ్బ చెప్పడు, మంట వేయడం చెబుతాడు. తేమకు తోలు సడలుతుంది. సడలిన డప్పు మోగదు. మళ్లీ సెగ చూపాలి.

రాయమల్లు ఎండాకాలంలో మందు మానేశాడు. మామూలు రోజుల్లో నెట్టుకొస్తున్నాడు. దసరా వేరు. ఊరంతా జమ్మిచెట్టు దగ్గరికి కదిలితే, దారి పొడుగునా డప్పులవాళ్లను ఆపి గ్లాసు అందిస్తారు. అది మర్యాద. వద్దంటే అలుగుతారు.

"పోయినేడు పండుగకు నా బిడ్డ చేతుల జమ్మి ఆకు పెట్టలే కాకా. నన్నే నలుగురు మోసుకొచ్చి ఇంట్ల పడేసిన్రు. అది తలుపెనుక దాక్కున్నది. ఈయేడన్న నేను పెట్టాలె."

ఓదెలు, భుజం నొప్పికి బరువు తక్కువని తన కూతురు కొనిచ్చిన కొత్త డప్పు తగిలించుకుని లేచాడు. "నడువు. జనం చూస్తున్నరు."

ఆకాశం మబ్బు పట్టి ఉంది. మొదటి మలుపులోనే రాయమల్లు బావ కొమురయ్య సీసాతో ఎదురొచ్చాడు.

"ఏం బావా, సన్నాసులల్ల కలిసినవా? ఒక్క గుక్క తాగితె నీ సొమ్మేం పోతది?"

రాయమల్లు నోరు తెరిచేలోపు ఓదెలు అందుకున్నాడు. "ఆగు కొమురయ్యా, డప్పు సల్లబడ్డది. కాపుకొస్తం."

ఇద్దరూ దారి పక్కన గడ్డి మంట వేసి, దాని దగ్గర నిలబడ్డారు. కొమురయ్య కాసేపు చూసి, ఆ గ్లాసు ఇంకొకరికిచ్చి సాగిపోయాడు. సర్పంచి ఇంటి ముందూ ఇదే జరిగింది.

ఊరి చివర మాత్రం ఎవరూ పిలవలేదు. ప్రహరీ మీద ఎవరో సగం సీసా వదిలి వెళ్లారు. రాయమల్లు చూపు దాని మీద పడి అక్కడే ఆగింది. దరువు తప్పింది.

"సల్లబడ్డది," అన్నాడు ఓదెలు మెల్లగా. "నడువు."

మంట దగ్గర తన డప్పు తిప్పుతూ రాయమల్లు పక్కకు చూశాడు. గురువు తన డప్పును సెగ తగలకుండా వీపు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

సాయంత్రం ఇంటి గడపలో కూతురు తండ్రి మొహం దగ్గరికి వచ్చి ముందు వాసన చూసింది. గడ్డి పొగ వాసన. అప్పుడు చేయి చాపింది. రాయమల్లు ఆ చేతిలో జమ్మి ఆకు పెట్టి, చాలాసేపు ఆ చేయి వదల్లేదు.

తర్వాత గురువు ఇంటికి వెళ్లి, జమ్మి ఇచ్చి కాళ్లకు మొక్కాడు.

"కాకా, నీది ప్లాస్టిక్ డప్పు. దానికి మంటతోని పనే లేదు. మూడుసార్లు ఎందుకొచ్చినవు?"

ఓదెలు జమ్మి ఆకును కళ్లకద్దుకున్నాడు.

"మంట కాడ ఒక్కడు నిలవడితె ఎవడన్న పిలుస్తడు బిడ్డా. ఇద్దరు నిలవడితె, పనిల ఉన్నరనుకుంటరు."