ఇంట్లో ఉన్న కాయ

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నాకు మిగిలిన ఆ ఒక్క పన్నూ ఊడిపోవాలి.

కొండభూపతి అని ఓ రాజుండేవాడు. ఆయన మీసాల కొసలు మోయడానికి చెరోవైపు ఓ బంటు. ఓ పొద్దున ఆయనకో ముచ్చట పుట్టింది, మంచం దిగకుండానే ఏనుగుల పరుగుపందెం చూడాలని. కిటికీకి ఎదురుగా నేతవీధి అడ్డం. కూల్చెయ్యమన్నాడు.

నేతగాళ్ళు మగ్గాలు వదిలేసి కోటకు పరుగెత్తారు. విచారణ లేకుండా ఎవరి ఇల్లూ తియ్యకూడదని కోటగుమ్మంలో రాతిమీద చెక్కి ఉంది. పట్టాభిషేకం నాడు రాజు దానిమీద చెయ్యి వేసి ప్రమాణం చేశాడు కూడాను. ఆ మాటే గుర్తుచేశారు.

రాజు సభవైపు చూశాడు. అప్పుడు లేచాడు ఓబళమంత్రి. ఆయన తలపాగా పట్టకే కోటలో గుమ్మాలన్నీ పగలగొట్టి పెద్దవి చేశారు.

"ప్రభూ, పట్టాభిషేకం నాటి ప్రమాణం ఆనాటి పూలదండ లాంటిది. ఆ పూటకే."

సభంతా ఆహా అంది. రేపే ఏనుగులతో తొక్కించండని చెప్పి రాజు అష్టాచెమ్మాకు కూర్చున్నాడు. ఎదురుగా తిప్పమ్మ. సభలో రాజుకు తాంబూలం చుట్టిచ్చేదీ ఆవిడే, ఆటలో పోటీకి కూర్చునేదీ ఆవిడే. పుట్టిల్లు నేతవీధి.

ఇంకొక్క కాయ పండితే రాజుదే గెలుపు. అది అడ్డగీతల గడిలో భద్రంగా కూర్చుంది. ఆ గడి ఇల్లు కింద లెక్క. ఇంట్లో ఉన్న కాయను చంపకూడదని పాలుతాగే పిల్లకైనా తెలుసు.

తిప్పమ్మ గవ్వలు వేసింది. చెమ్మ పడింది, అంటే నాలుగు. తన కాయను తిన్నగా ఆ గడిలో దింపి, రాజు కాయను తీసి అవతల పడేసింది.

రాజు అరిచిన అరుపుకు పొరుగు రాజ్యంలో కొబ్బరికాయలు రాలాయి. "ఇంట్లో ఉన్న కాయను చంపుతావుటే?"

తిప్పమ్మ తాపీగా ఆకుకు సున్నం రాస్తూ అంది:

"ఆట మొదట్లో గీసిన గీతలు పూలదండ లాంటివి ప్రభూ. ఆ పూటకే."

"గీతకే విలువ లేకపోతే ఇక ఆటేమిటి? ఎవరి కాయ ఎక్కడ నిలుస్తుంది?"

"నేతగాళ్ళూ అదే అడుగుతున్నారు. మీది చెక్క కాయ. వాళ్ళ ఇళ్ళల్లో పసిపిల్లలున్నారు."

రాజు మీసాలు రెండూ వాలిపోయాయి, వాటితోపాటు బంట్లూ ఒరిగారు. అందులో ఒకడు కిసుక్కుమన్నాడు. ఆ తరవాత రాజే పగలబడి నవ్వాడు. ఏనుగుల్ని ఏటి ఇసుకలోకి తోలమన్నాడు. తిప్పమ్మకు బహుమానంగా మంత్రి తలపాగా ఇప్పించాడు. అది విప్పితే నేతవీధి పసివాళ్ళందరికీ ఉయ్యాలలు కట్టగా ఇంకా మిగిలింది.

నవ్వుతావేం? నమ్మకపోతే లేచి పెరట్లో నాలుగు చింతపిక్కలు ఏరుకురా, ఆడి చూద్దాం. సుద్దముక్క కూడా తే, గీతలు చెరిగిపోకుండా దిట్టంగా గియ్యాలి.